లాండ్రీలో మూడో ఆట

జనవరి 6, సోమవారం

చెల్లికి,

ముందు నీ చెవి సంగతి రాయి. కుడిది ఎలాగూ పోయింది, ఎడమదాన్నైనా కాపాడుకుంటున్నావా, లేక దానికీ చలిగాలి తగిలిస్తూ తిరుగుతున్నావా? మరిదిగారి మోకాలు ఎలా ఉంది? మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోమని చెప్పు. నీ కూతురి దగ్గు తగ్గిందా? తగ్గినా మందు ఆపొద్దను. మీ పిల్లి కుంటుతోందని రాశావు, అదెలా ఉంది? ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అంటే నిద్ర లేదు, ఆకలి లేదు, మిగతాదంతా బాగానే ఉంది. కోడలికి ఆస్పత్రిలో మళ్ళీ రాత్రి డ్యూటీలు పడ్డాయి. నర్సు కదా, ఎవరి జబ్బు ఇంటికి తెస్తుందోనని నా భయం. మావాడు గుండ్రాయిలా ఉన్నాడు. ఒంటికేం ఢోకా లేదు, బుర్రకే ఏదో అయింది.

ఫోన్ చేద్దామనుకున్నాను. నీకు వినపడాలంటే నేను అరవాలి, నేను అరిస్తే కింద కొట్లో ఉన్నవాడికి వినపడుతుంది. అందుకని ఉత్తరం. అక్షరాలు చీమలు పాకినట్టున్నాయని నవ్వకు. నాలుగో తరగతి చదువుకి ఇంతకన్నా రాదు.

మీ బావగారు పోయాక లాండ్రీ వాడే చూస్తున్నాడు కదా. ఇంటింటికీ ఉతికే మిషన్లు వచ్చాయి, మన కొట్టుకి బట్టలు తగ్గాయి. ఇప్పుడు వీడు కొట్టు మూసేసి, మిషన్లు అమ్మేసి, అక్కడ పాటల హాలు పెడతాడట. వాడూ, వాడి ముగ్గురు స్నేహితులూ సెలవు రోజుల్లో గిటార్లూ డ్రమ్మూ వాయించుకుంటారని రాశాను కదా. ఆ సరదా ఇప్పుడు కొట్టు మీదకొచ్చింది. "అమ్మా, ఈ పేటలో చీకటి పడితే మనిషి కూర్చుని పాట వినడానికి చోటు లేదు. జనం టికెట్టు కొనుక్కుని వస్తారు చూడు" అంటాడు. ఎవరొస్తారురా అంటే చెయ్యి ఊపి వీధంతా చూపిస్తాడు. వీధిలో ఆ టైముకి కుక్క తప్ప ఏమీ ఉండదు.

కొట్టు నా పేరున ఉంది. బ్యాంకులో పెట్టి అప్పు తేవాలంటే నా సంతకం కావాలి. "లాభమొస్తుందని నీకు నమ్మకం కుదిరితేనే పెట్టమ్మా, లేకపోతే వద్దు" అన్నాడు. అంత మంచిగా అడిగితే కాదనడం ఎలాగే? తిట్టి అడిగితే తిట్టి కాదనేదాన్ని.

నువ్వు బతుకంతా సినిమాహాలు టికెట్ల గదిలో కూర్చున్నదానివి. "పిన్ని లాభం రాదంటే మానేస్తాను" అని వాడే అన్నాడు. కాబట్టి రాదని ఒక ముక్క రాసి పడెయ్. నాలుగు కారణాలు కూడా రాయి, లేకపోతే నేను రాయించాననుకుంటాడు.

పిల్లిని మెట్ల మీద పడుకోనివ్వకు. మరిదిగారు చూడకుండా తొక్కితే ఇద్దరికీ దెబ్బ.

నీ అక్క

---

జనవరి 13

అక్కకి,

చెవి అలాగే ఉంది, నీ ఉత్తరం చదవడానికి దానితో పనిలేదు. మీ మరిదిగారి మోకాలు వాతావరణం చెబుతోంది, రేడియో కంటే నయం. అమ్మాయి దగ్గు పోయింది. పిల్లిది వట్టి నటన, పాలగిన్నె చప్పుడైతే నాలుగు కాళ్ళూ పనిచేస్తున్నాయి.

పాటల హాలుకి లాభమొస్తుందా అని చెవిటిదాన్ని అడిగావు చూడు, శంఖం తెచ్చి నా ముందే ఊదావు. అయినా పర్లేదు. హాలు ఆడుతుందో లేదో చెప్పడానికి పాట వినక్కర్లేదు, జనాన్ని చూస్తే చాలు. కానీ అక్కా, చూడకుండా రాదని రాయను. చూడకుండా వస్తుందనీ రాయను. ఎంతైనా వాడు నా కొడుకు లాంటివాడు.

ఒక పని చెయ్యండి. కొట్టు మూయకండి, ఏమీ అమ్మకండి. వారం విడిచి వారం మూడు శనివారాలు, సాయంత్రం పూట, ఉన్న కొట్లోనే పాట పెట్టమను. చిన్న టికెట్టు పెట్టమను. ఊరికే రమ్మంటే ఎవరైనా వస్తారు. తలుపుకి ఒక బోర్డు చాలు. మా హాల్లో ఒక మాట ఉండేది: మొదటి ఆట చుట్టాలది, రెండో ఆట పనిలేనివాళ్ళది, మూడో ఆట జనానిది. నేను మూడో ఆట చూసే చెప్పేదాన్ని, బొమ్మ ఆడుతుందో పెట్టెకెక్కుతుందో.

టికెట్ల కన్నంలోంచి నాకు మొహాలు కనపడేవి కావు, చేతులే. డబ్బు ముందే మడిచి పట్టుకున్న చెయ్యి మళ్ళీ వస్తుంది. పక్కవాళ్ళు లాక్కొస్తే వచ్చిన చెయ్యి జేబులో వెతుక్కుంటూనే ఉంటుంది. నువ్వూ చేతులు చూడు. ఈలోపు చీకటిపడ్డాక మీ వీధిలో ఎవరు తిరుగుతారో కిటికీలోంచి చూసి రాయి.

నీ భయం నాకర్థమైందిలే. నీకు శబ్దం పడదు. చెవుల్లో దూది పెట్టుకో, నాలా హాయిగా ఉంటుంది.

నీ చెల్లి

---

జనవరి 21

చెల్లికి,

నీ ఉత్తరం చదివి వాడు ఎగిరి గంతేశాడు. నేను కాదనమని అడిగితే నువ్వు మూడుసార్లు అవునన్నావు. సరే, చేసేదేముంది, కిటికీ దగ్గర కూర్చున్నాను. కూర్చుని కూర్చుని మెడ పట్టేసింది.

కుక్క తప్ప ఏమీ ఉండదని రాశాను కదా, అది పూర్తిగా నిజం కాదు. చీకటి పడ్డాక బస్సు దిగి చాలామందే వస్తున్నారు. అందరూ పనిలోంచి వచ్చేవాళ్ళే. ఒక్కరూ ఆగరు. ఆగడానికేముంది, కొట్లన్నీ మూసేసి ఉంటాయి. మనదీ అంతే, దీపాలవేళకి షట్టరు దించేస్తాం. ఒకాయన మాత్రం మన షట్టరు దగ్గర ఆగి, ఒంగి, సందులోంచి లోపలికి చూసి వెళ్ళాడు. రెండు రోజులు అలాగే చూశాడు. దొంగేమోనని తాళాలాయన్ని పిలిచి ఇంకో తాళం వేయించాను. తాళాలాయన ఎవరంటే, పక్క కొట్టు. మనిషి మంచివాడు, మాట కరుకు. "దొంగకి మీ కొట్లో ఏం దొరుకుతుందండీ, ఇస్త్రీ మడతలా?" అన్నాడు.

ఎదురింటి పై అంతస్తులో గొణుగుడాయన ఉన్నాడు. చెట్టు మీద పిట్ట కూసినా మునిసిపాలిటీకి అర్జీ రాసే రకం. పాట మొదలైతే పోలీసుల్ని తెస్తాడని నాకు ఒకటే బెంగ.

కానీ చెల్లీ, శబ్దం కాదే నా బాధ. అరిచే పిల్లల్ని పెంచినదాన్ని, నాకు శబ్దమేంటి? ఆఖరి రోజుల్లో మీ బావగారు కొట్లో ఎలా కూర్చునేవారో నీకు తెలీదు. పొద్దున్నే దీపం వేసి, బల్ల తుడిచి, తలుపు వైపు చూస్తూ కూర్చునేవారు. ఎవరూ వచ్చేవారు కాదు. చీకటి పడ్డాక, ఇంకెవరొస్తారండీ పైకి రండి అంటే, "దారిలో ఉండొచ్చు" అనేవారు. ఎవరూ తీసుకెళ్ళని బట్టలు కడ్డీల మీద అలాగే ఉంచేశారు. ఎన్నేళ్ళైనా ఒక్కటి పారెయ్యనిచ్చేవారు కాదు. "వచ్చి అడిగితే ఏం చెప్తాం?" ఇప్పటికీ అవన్నీ అక్కడే వేలాడుతున్నాయి, కోట్లు, శాలువాలు, పరదాలు. వారానికోసారి నేనే దుమ్ము దులుపుతాను.

ఒకర్ని అలా చూశాను. కొడుకుని కూడా ఖాళీ కుర్చీల ముందు అలా చూడలేను. అందుకే వద్దంటున్నాను.

మొదటి శనివారం ఫిబ్రవరి 1. కుర్చీలు తాళాలాయన తెచ్చి ఇస్తానన్నాడు. విరిగినవి ఇస్తాడేమో, ఎవరైనా పడితే కేసు మన మీదకొస్తుంది.

నీ అక్క

---

జనవరి 27

అక్కా,

దూది మాట వెనక్కి తీసుకుంటున్నాను. బావగారి సంగతి నాకు నిజంగా తెలీదు.

అయినా సరే, కుర్చీలు ఖాళీగా ఉంటే ఖాళీగానే ఉండనీ. అది తెలుసుకోవడానికే కదా ఈ తంతంతా. నువ్వు ఎవరినీ పిలవకు. ముఖ్యంగా నువ్వు. నీ సంగతి నాకు తెలుసు, చిన్నప్పుడు దాగుడుమూతల్లో నేను దొరకడం లేదని ఏడ్చి ఊరందరి చేతా వెతికించావు.

నీ చెల్లి

---

ఫిబ్రవరి 3

చెల్లికి,

హాలు నిండిపోయింది.

కుర్చీలు చాలక తాళాలాయన తన కొట్లో బెంచీ కూడా మోసుకొచ్చాడు. కడ్డీల మీద కోట్లు పక్కకి జరిపి, వాటి మధ్యే కూర్చున్నారు కొందరు. పాట కూడా, నాకు తెలిసినంతలో, కమ్మగా ఉంది. మా వీధి చివర ఉండే పళ్ళ డాక్టరుగారు కళ్ళు మూసుకుని విన్నారు. ఆయన నిద్రపోయారని కోడలంటుంది. గొణుగుడాయన కిటికీ కూడా తియ్యలేదు. మావాడి మొహం చూడాలి నువ్వు. ఈ వారమే బ్యాంకుకి వెళ్ళి కాగితాలు తెస్తానన్నాడు.

ఇది చదివి నువ్వు సంతోషిస్తావు. నాకు మాత్రం రెండు రోజులుగా గొంతులో ముద్ద దిగడం లేదు. ఎందుకంటే ఆ జనాన్ని పిలిచింది నేనే.

తిట్టకు, ముందు విను. శుక్రవారం వాడు కుర్చీలు వేసి, ఒక్కో కుర్చీ తుడిచి, తలుపు వైపు చూశాడు. అచ్చం వాళ్ళ నాన్నే. నాకు కాళ్ళు ఆగలేదు. వీధి ఆ చివర నుంచి ఈ చివరదాకా తలుపులన్నీ కొట్టాను. మా వాడి మొహం చిన్నబోతుంది, ఒక్క గంట వచ్చి కూర్చోండి అని బతిమాలాను. ఊరికే రమ్మంటే బాగుండదని టికెట్టు డబ్బు కూడా నేనే వాళ్ళ చేతుల్లో పెట్టాను. ఆ డబ్బే వాళ్ళు తెచ్చి వాడి పెట్టెలో వేశారు. నా బీరువాలోంచి బయలుదేరి, వీధంతా తిరిగి, మళ్ళీ మా ఇంటికే వచ్చింది. తాళాలాయన ఒక్కడే పుచ్చుకోలేదు. "నేను వస్తే నా డబ్బుతో వస్తానండీ, బాగోకపోతే తిట్టే హక్కు ఉండాలి కదా" అన్నాడు.

నువ్వు చేతులు చూడమన్నావు. చూడడానికేముందే, అన్ని చేతుల్లోనూ ఉన్నవి నా నోట్లే.

ఇప్పుడు వాడు జనం ఎగబడ్డారనుకుంటున్నాడు. చెబితే మనసు విరుగుతుంది, చెప్పకపోతే కొట్టు పోతుంది. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. వద్దని చెప్పమన్నదాన్ని నేనే, నింపినదాన్నీ నేనే. ఏం చెయ్యమంటావో వెంటనే రాయి. ఈలోపు నా కళ్ళజోడు కనపడటం లేదని సంతకం వాయిదా వేస్తున్నాను. అది నెత్తి మీదే ఉంది.

నీ అక్క

---

ఫిబ్రవరి 9

అక్కా,

చదువుతూ నేను నవ్విన నవ్వుకి మీ మరిదిగారు గోడ పట్టుకోకుండానే మెట్లు దిగొచ్చారు. నేనింతకాలం టికెట్లమ్మాను కానీ, ప్రేక్షకులకి తనే డబ్బిచ్చి సినిమాకి పంపిన నిర్మాతని చూడలేదు.

వాడికేం చెప్పకు. మొదటి ఆట చుట్టాలదని ముందే రాశాను, అది లెక్కలోకి రాదు. నువ్వు కాస్త ఎక్కువ చుట్టరికం కలిపావు, అంతే. మిగతా రెండు శనివారాలూ కానివ్వు. కళ్ళజోడు నెత్తి మీదే ఉండనీ.

రెండో శనివారం నువ్వు కిందికి దిగకు. మేడ మీదే కూర్చుని తలుపు గడియ పెట్టుకో. మధ్యాహ్నం నుంచీ వీధిలోకి రాకు. ఎవరు పలకరించినా తలనొప్పి అను. ఎలాగూ వస్తుంది నీకు, అబద్ధం కూడా కాదు.

నీ చెల్లి

---

ఫిబ్రవరి 17

చెల్లికి,

ఆరోగ్యాలు బాగున్నాయనుకుంటాను.

శుక్రవారం నీ దగ్గర్నుంచి మావాడి పేర పార్సిలొచ్చింది. నా పేర కాదు, వాడి పేర. వాడు విప్పి చూసి, నవ్వి, నా వైపు చూసి, లోపల దాచేశాడు. ఏంట్రా అంటే "పిన్నికీ నాకూ మధ్య" అన్నాడు. నిన్ను నమ్మి రాసినవన్నీ వాడికి చేరేశావన్నమాట. అక్క నోట్లో నువ్వుగింజ నానదని చిన్నప్పుడు అందరికీ చెప్పేదానివి. ఇప్పుడు ఎవరి నోరు ఎలాంటిదో తెలిసింది.

నువ్వు చెప్పినట్టే శనివారం పైనే ఉన్నాను. ఉండడానికి చోటుంటే కదా. పోయినసారి ఇరుకైందని, కోట్లూ పరదాలూ అన్నీ కడ్డీలతో సహా తీసి నా గదిలోకి చేర్చారు. నా మంచం మీద ఊళ్ళోవాళ్ళ కోట్లు పడుకున్నాయి, నేను కుర్చీలో కూర్చున్నాను. వాన కూడా పట్టుకుంది.

పాట మొదలైంది. అది పాటేనా? ఖాళీ కుండలో తల పెట్టి అరిచినట్టుంది. ఒక మాట అయ్యేలోపు ఇంకో మాట దాని మీద పడుతోంది. మొన్నటి పాట వేరు, ఇది వేరు. గొణుగుడాయన గొడుగేసుకుని వచ్చి తలుపు బాదాడు. జనం పలచగా వచ్చారట. నేను పిలిచినవాళ్ళలో తాళాలాయన తప్ప ఒక్కరూ రాలేదు. తాళాలాయన ఈసారి పెళ్ళాన్ని కూడా తీసుకొచ్చాడట. మిగతావాళ్ళు బస్సు దిగి, వానకి తల దాచుకోడానికి వచ్చినవాళ్ళని కోడలు చెప్పింది. పాట అవకుండానే సగం మంది లేచిపోయారట.

వాడు పైకొచ్చి అన్నం తిని పడుకున్నాడు. రాదని రాయమన్నప్పుడే రాసి ఉంటే ఇంత జరిగేది కాదు. ఇప్పుడు నువ్వు గెలిచావో నేను గెలిచానో తెలీదు కానీ, వాడు ఓడిపోయాడు.

మరిదిగారిని వానలో తిరగొద్దను.

అక్క

---

ఫిబ్రవరి 22

అక్కకి,

నా మీద నీ కోపం ఒక పేజీ దాటి నిలవలేదు, ఆఖర్న మరిదిగారి మోకాలు గుర్తొచ్చింది. అందుకని నేనూ కోపం తెచ్చుకోవడం లేదు.

పార్సిల్లో ఏముందో వాడినే అడుగు. నేనే చెబుతాను, నువ్వు ఆగలేవు. టికెట్ల చుట్టలు. మా హాలు మూసేసిన రోజు మిగిలిపోయినవి, పారెయ్యలేక తెచ్చుకున్నాను. "హాలు నిలబడితే వాడుకో, అమ్మకి అప్పుడే చూపించకు, పెట్టేశామనుకుని బెంగపడుతుంది" అని రాసి పెట్టాను. అంతకుమించి ఒక్క మాట వాడికి చెప్పలేదు. నా నోట్లో నువ్వుగింజ కాదు, నువ్వుల బస్తా నానుతుంది.

ఇక పాట సంగతి. నీ ఉత్తరం ముందోసారి చదివి నవ్వాను, తర్వాత లేచి కూర్చున్నాను. మా హాల్లో పొద్దుటి ఆటకి జనం లేకపోతే బొమ్మలో మాట ఒక్కటీ అర్థమయ్యేది కాదు, గోడలకి కొట్టుకుని తిరిగేది. సాయంత్రం హాలు నిండితే అదే మాట స్పష్టంగా ఉండేది. ఒంటి మీద బట్టలతో మనిషి కూర్చుంటే మోత తాగేస్తాడు. మీ మొదటి శనివారం జనమూ ఉన్నారు, కోట్లూ ఉన్నాయి. రెండోసారి రెండూ లేవు. జనాన్ని నువ్వు మళ్ళీ కొనకూడదు. కోట్లని మాత్రం నీ మంచం మీంచి దించి, ఎక్కడివక్కడ తగిలించండి. ఇదే తేడా అని ఒట్టేసి చెప్పలేను, తగిలించి చూస్తే పోయేదేముంది?

మూడో శనివారం నువ్వూ కిందికి రా. ఎవరినీ పిలవకుండా, చేతులు చూస్తూ కూర్చో.

నీ చెల్లి

---

మార్చి 3

చెల్లికి,

పార్సిల్ సంగతిలో నాదే తొందర. ఇంకా తిట్టాలనుంటే వచ్చే ఉత్తరంలో తిట్టు, కూర్చుని చదువుతాను.

శనివారం పొద్దున్న వాడు వచ్చి, "అమ్మా, కోట్లు నాన్న తగిలించినట్టు తగిలించడం నాకు రావడం లేదు, నువ్వు రా" అన్నాడు. వెళ్ళాను. ఆయన వరస ఆయనదే, బరువైనవి గోడవైపు, పల్చనివి ముందు. పరదాలన్నీ వెనక గోడకి వేలాడదీశాను. వాడు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి చూశాడు. చప్పుడు కుండలోంచి కాకుండా చేతుల్లోంచే వచ్చింది. వాడి స్నేహితుడు డ్రమ్మాయన, "ఇన్నాళ్ళూ మోత రాకుండా గోడలకి దూది కొట్టించడానికి అప్పు అడుగుతున్నామా మనం" అన్నాడు.

సాయంత్రం కోట్ల వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాను. మందికి కనపడకూడదని కాదు, నా కాళ్ళ మీద నాకు నమ్మకం లేక. ఎవరైనా గుమ్మం దగ్గర తటపటాయిస్తే రమ్మని లాక్కొచ్చేస్తానేమోనని.

ముందు తాళాలాయన, భార్య, ఆవిడ చెల్లెలు. తర్వాత బస్సొచ్చింది. పనిలోంచి వచ్చే ఆడవాళ్ళు కొందరు టిఫిను డబ్బాలతో సహా వచ్చేశారు. వాళ్ళలో ఇద్దరు వానరోజు వచ్చినవాళ్ళేనట. చేతులు చూశాను చెల్లీ. అన్నీ డబ్బు ముందే మడిచి పట్టుకున్న చేతులే. హాలు నిండలేదు. వెనక వరస ఖాళీ. కానీ పాట అయ్యేదాకా ఎవరూ లేవలేదు.

గొణుగుడాయన వచ్చాడు. అయిపోయాం అనుకున్నాను. తాళాలాయన గుమ్మంలో అడ్డంగా నిలబడి "టికెట్టు" అన్నాడు. "నేను తిట్టడానికొచ్చాను" అన్నాడాయన. "ఎందుకొచ్చినా టికెట్టే" అన్నాడీయన. ఆయన కొనుక్కుని మరీ లోపలికొచ్చి, కూర్చుని, ఆఖరిదాకా విని, పోయేటప్పుడు, మూడో పాటలో గిటారు శ్రుతి తప్పిందని తిట్టి వెళ్ళాడు. నిజంగానే తప్పిందట.

అసలు సంగతి ఇంకోటి. షట్టరు సందులోంచి ఒంగి చూసే దొంగ ఉన్నాడని రాశాను కదా. ఆయనా వచ్చాడు. పాట వినకుండా కోట్ల వైపే చూస్తున్నాడు. తాళాలాయన ఎక్కడున్నాడా అని వెతికాను. మెల్లగా వచ్చి ఒక బూడిదరంగు కోటు చెయ్యి పట్టుకుని, "ఇది నాదండీ" అన్నాడు.

ఎప్పుడో ఇచ్చాడట, ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్ళిపోయాడట. ఈ మధ్యే తిరిగొచ్చాడు. "రోజూ బస్సు దిగేసరికి మీ కొట్టు మూసేసి ఉంటుంది. అయినా ఇన్నేళ్ళ తర్వాత ఎక్కడుంటుందిలే అనుకుని, ఒకసారి సందులోంచి చూస్తే అక్కడే వేలాడుతోంది. అడగడానికి మొహం చెల్లలేదు" అన్నాడు. తొడుక్కుంటే పొట్ట దగ్గర బొత్తాలు అందలేదు. ఇస్త్రీ డబ్బులిచ్చి, వదులు చేయించమని మళ్ళీ కొట్లోనే ఇచ్చాడు. పక్కనున్న ఆడవాళ్ళు, "రాత్రిపూట బట్టలు తీసుకుంటారా? మాకూ ఉన్నాయి" అన్నారు.

దారిలో ఉండొచ్చు అనేవారు మీ బావగారు. నిజంగానే దారిలో ఉన్నాడు. కాస్త ఆలస్యమైంది.

నేను కోట్ల వెనక కళ్ళు తుడుచుకుంటుంటే వాడు చూశాడు. అందరూ వెళ్ళాక ఇక ఆగలేక, మొదటి శనివారం నేను చేసిన పని చెప్పేశాను. వాడు నవ్వి, "తెలుసమ్మా. ఆ రోజు పెట్టెలో నోట్లన్నీ కలరా ఉండల వాసనేశాయి. వీధి మొత్తంలో డబ్బుని చీరల మధ్య దాచేది నువ్వొక్కదానివే. అందుకే బ్యాంకుకి వెళ్ళలేదు" అన్నాడు. నేనేమో నెల రోజులు కళ్ళజోడు దాస్తూ తిరిగాను.

ఇప్పుడు నువ్వు తీర్పు చెప్పు. లాభమొస్తుందా, రాదా? ఈసారి రాదని రాయమని అడగడం లేదు. వస్తుందని రాయమనీ అడగడం లేదు. ఉన్నదున్నట్టు రాయి. నువ్వు ఏది రాస్తే అది చేస్తామని ఇద్దరం అనుకున్నాం. నాకు మాత్రం నీ ఉత్తరం వచ్చేదాకా నిద్రుండదు. ఎలాగూ ఉండదులే.

నీ అక్క

---

మార్చి 9

అక్కకీ, అక్క కొడుక్కీ,

ఇద్దరూ కలిసి చదవండి.

ఉత్త పాటల హాలైతే లాభం రాదు. పేట చిన్నది. రోజూ పాట పెడితే రెండో నెలకే కుర్చీలతో మాట్లాడుకోవాలి. అప్పు తెచ్చి, మిషన్లు అమ్మి, గోడలు కొట్టి హాలు కడితే, ఆ అప్పు పాట కంటే గట్టిగా మోగుతుంది. అక్కా, ఇక్కడిదాకా నీదే రైటు.

ఉత్త లాండ్రీ అయినా లాభం రాదు. అది మీకే తెలుసు.

రెండూ కలిస్తే నడుస్తుంది. జనం మీ వీధిలోకి వచ్చే వేళకి మీ కొట్టు మూసి ఉంటోంది, అసలు జబ్బు అదీ. వారానికి రెండు సాయంత్రాలు తలుపు తీసి పాట పెట్టండి. బల్ల మీద బట్టలు కూడా తీసుకోండి. పాటకొచ్చినవాడికి ఇస్త్రీ గుర్తొస్తుంది, బట్టలకొచ్చినవాడు పాటకి కూర్చుంటాడు. కోట్లు గోడలకుండాలంటే లాండ్రీ ఉండాలి. కుర్చీలు తాళాలాయనవే వాడండి, కొనకండి. మేడలు కట్టేంత లాభమని చెప్పను. నలుగురు వాయించేవాళ్ళకీ నాలుగు రాళ్ళు, కొట్టుకి దీపం ఖర్చు, ఇంటికి ఇంత. మూడు నెలలు చూడండి. వెనక వరస అప్పటికీ ఖాళీగానే ఉంటే, సిగ్గుపడకుండా గిటార్లు సంచుల్లో పెట్టి లాండ్రీ సాయంత్రాలు తెరవండి. పోయేదేమీ ఉండదు.

ఒరే, టికెట్లు మాత్రం మీ అమ్మ చేతికివ్వకు. ఊరందరికీ పంచేస్తుంది.

నీ చెల్లి, పిన్ని

---

మార్చి 14

చెల్లికి,

నీ తీర్పు వాడు రెండుసార్లు పైకి చదివాడు. అప్పు లేదన్న దగ్గర నేను ఆపి, మళ్ళీ చదివించుకున్నాను. కళ్ళజోడు కనపడిందని చెప్పేశాను. సంతకం చెయ్యడానికి ఇప్పుడు కాగితమే లేదు.

మొదటి ఆట శనివారం పెడుతున్నారు. గొణుగుడాయన ముందు వరసలో కుర్చీ కావాలన్నాడు, తప్పులు సరిగ్గా వినపడాలట. పళ్ళ డాక్టరుగారు కూడా తన డబ్బుతోనే వస్తానన్నారు, వెనక గోడ పక్కన, తల ఆనించుకోడానికి వీలుగా. నాకు ఇప్పుడు కొత్త బెంగ పట్టుకుంది. వెనక వరస నిండిపోతే గాలి ఆడదేమో.

తాళాలాయన గుమ్మం పక్కన చెక్క గది ఒకటి కట్టాడు. దానికి గుండ్రంగా ఒక కన్నం కోశాడు, అటువైపు నుంచి చెయ్యి తప్ప ఏమీ కనపడదు. లోపల మెత్త వేసిన కుర్చీ ఉంది. నీ టికెట్ల చుట్టలు అక్కడే పెట్టాం. ఎవరు కూర్చుంటారని అడిగితే వాడు, "కూర్చోవలసినవాళ్ళు వచ్చేదాకా ఖాళీగా ఉంటుంది" అన్నాడు. నాకు ఖాళీ కుర్చీ అంటే ఏమిటో నీకు తెలుసు.

మధ్యాహ్నం రైలుకి వస్తే తాళాలాయన స్టేషన్‌కి వస్తాడు. మరిదిగారిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, మోకాలు చాపుకోమను. పిల్లిని అమ్మాయి దగ్గర వదులు, పాలు ఎక్కువ పోయొద్దని చెప్పు. నీ ఎడమ చెవికి శాలువా కప్పుకో.

ఈసారి నేను ఎవరి తలుపూ తట్టలేదు, ఎవరి చేతిలోనూ డబ్బు పెట్టలేదు. నిన్నొక్కదాన్నే పిలుస్తున్నాను.

నీ అక్క

శనివారం, మార్చి 22.